మూడుతో భాగించిన పేర్లు

నకిరేకల్ బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే ఉజ్మాకు జీతం లేని ఉద్యోగం ఇంకొకటి ఉంది. అందరూ ఉచితంగా వాడుకునే ఒక కంప్యూటర్ వ్యవస్థలో, తెలుగును చూపులేనివాళ్లు తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపిలోకి మార్చే ప్రోగ్రాం బాగోగులు ఆమెవే. దాన్ని రాసింది పాలిటెక్నిక్‌లో ఆమెకు చదువు చెప్పిన ఎల్లస్వామి సార్. వాడేది నల్లగొండలోని ఒక అంధ పిల్లల హాస్టల్.

2019లో ఆ వ్యవస్థను నడిపే పెద్దలు, ప్రోగ్రాంలు రాసే భాషల్లో ఒకటైన పాత పైథాన్‌ను తీసేస్తామన్నారు. శుక్రవారంలోగా కొత్త పైథాన్‌కు మారని ప్రోగ్రాంలన్నీ బయటికే. ఉజ్మా నానా తిప్పలు పడి మార్చింది. కంప్యూటర్ ఎక్కడా తప్పు చూపించలేదు. పెన్‌డ్రైవ్‌లో హాస్టల్‌కు పంపితే మర్నాడే అక్కడి దామోదర్ సార్ ఫోను. ఆయనకూ చూపు లేదు, వేళ్లతోనే చదువుతాడు.

"ఏందమ్మా గిది? హరిత పేరు కొడితే 'హ' ఒక్కటే వస్తాంది. సాయికిరణ్‌ను 'సాయ' చేసినవ్. పిల్లలు గట్లనే పిలుచుకుంట నవ్వుతున్నరు."

ఉజ్మాకు నవ్వు రాలేదు. రెండు రోజులు షాపుకొచ్చినవాళ్లను కసురుకుంటూ వెతికింది. చివరికి దొరికింది, పేరు పొడవును మూడుతో భాగించే ఒక లైను. ఎందుకో ఒక్క ముక్క రాసిపెట్టలేదు మహానుభావుడు. ఎల్లస్వామి సార్‌కు ఫోను చేసి అడిగింది.

"పాతదాంట్ల ఒక్కో తెలుగు గుర్తును మూడుగ లెక్కపెట్టేది బిడ్డా. అందుకే భాగించిన. కొత్తది ఒక్కటే లెక్కపెడ్తదా?"

"పెడ్తది సార్! గా ముక్క అప్పుడే రాసి ఉంటే నాకు రెండు దినాలు మిగులుతుండె."

ఆ మూడును తీసేసింది. పేర్లు నిండుగా వచ్చాయి. గురువారం పంపితే పెద్దల జవాబు వచ్చింది: మా లెక్కలో దీన్ని వాడేది ఒక్కరే, తీసేస్తున్నాం. ఆ ఒక్కరూ ఉజ్మానే. హాస్టల్ కంప్యూటర్లకు నెట్ లేదు, అవి ఎవరి లెక్కలోకీ రావు. ఆమెకు కడుపు మండిపోయింది. నలభై మంది పిల్లలున్నారని రాస్తే రుజువు అడిగారు.

దామోదర్ సార్ పిల్లలందరి చేతా, ఈ ప్రోగ్రాం మాకు కావాలని చుక్కల్లో రాయించి, శుక్రవారం పొద్దున మొదటి బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాడు. ఉజ్మా గబగబా షాపులోనే స్కాన్ చేసి, చూసుకోకుండా పంపేసింది.

సాయంత్రం జవాబు వచ్చింది. "మీరు పంపిన కాగితాలు ఖాళీగా ఉన్నాయి. ప్రోగ్రాం తీసేశాం."

స్కాన్ తెరిచి చూసింది. నలభై తెల్ల కాగితాలు. అసలు కాగితం మీద వేలు పెడితే సిరా లేని ప్రతి చుక్కా తగులుతూనే ఉంది. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పెన్సిలు తీసుకుని, మొదటి కాగితం మీద ఒక్కో చుక్కనూ నల్లగా దిద్దడం మొదలుపెట్టింది.