పీట మీద రెండు నిమిషాలు

నా కూతురు తమ్ముణ్ణి మొదటిసారి కొరికిన రోజుకి వాడికి మూడు నెలలు. వాడి కేక విని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి బుగ్గ మీద పళ్ళగాట్లు ఎర్రగా వరసగా ఉన్నాయి. ఇది మంచం కోడు పట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. చెయ్యెత్తాను గానీ కొట్టలేదు. బళ్ళో నలభైమంది పిల్లల మధ్య ఇన్నేళ్ళుగా చెయ్యి అదుపులో పెట్టుకున్నదాన్ని, ఇంట్లో రెండున్నరేళ్ళ పిల్ల మీద ఎత్తానే అని నా మీద నాకే రోషం వచ్చింది. రోషం కన్నా భయం ఎక్కువ. ఇంకో నెలన్నరలో నా సెలవు అయిపోతుంది. మా ఆయన పోలవరం పనుల్లో ఉంటారు, ఆదివారం తప్ప ఇంట్లో కనబడరు. ఇక ఇద్దరు పిల్లల్నీ చూసుకోవాల్సింది మోకాళ్ళ నొప్పుల అత్తయ్యగారు ఒక్కరే. ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్ళి వచ్చేలోగా ఇది పసివాణ్ణి ఏం చేస్తుందో! ఈ కొరుకుడు మానితేగానీ నేను గడప దాటలేను.

మా బళ్ళోనే పనిచేసే స్నేహితురాలికి ఫోన్ చేసి మొత్తుకున్నాను. "టైమ్ అవుట్ పెట్టండి. తిట్టద్దు, కొట్టద్దు. ఒక చోట కూర్చోబెట్టి, ఎన్నేళ్ళుంటే అన్ని నిమిషాలు కదలనివ్వద్దు. వారంలో దారికొస్తుంది," అంది. వినడానికి ఎంత సుళువుగా ఉందో! వెంటనే వసారాలో ఒక మూల ఎంచుకుని చెక్కపీట వేశాను. అక్కడే నా బుర్ర పనిచెయ్యలేదు. మా ఇంట్లో తలంటికి నూనె పెట్టేది ఆ పీట మీదే. పుట్టినరోజుకి అక్షింతలు వేసి హారతిచ్చేదీ దాని మీదే. దాన్ని తీసుకెళ్ళి శిక్షకి వేశాను నేను, టీచర్ని!

మర్నాడే మళ్ళీ కొరికింది. ఎత్తుకెళ్ళి పీట మీద కుదేశాను. "తమ్ముణ్ణి కొరికావు. రెండు నిమిషాలు ఇక్కడ కూర్చో," అని ఫోన్లో టైము పెట్టాను. అర నిమిషం కూడా కాలేదు, అత్తయ్యగారు వచ్చేశారు.

"ఏంటమ్మా, చంటిదాన్ని అలా మూల కూర్చోబెట్టావు?"

"తప్పు చేసిందండి. కూర్చోనివ్వండి."

"దాని తప్పేం ఉందమ్మా! దిష్టి తగిలింది దానికి. పెద్దాపురం జాతరకి తీసుకెళ్ళాం కదా, ఎంతమంది కళ్ళు పడ్డాయో ఏమో."

నేను నోరు తెరిచేలోగా గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి, పీట మీద ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి, మూడుసార్లు తిప్పి దిష్టి తీసేశారు. నా కూతురు మహారాణిలా తల ఎత్తి కూర్చుంది. ఫోన్ మోగింది. శిక్ష పూర్తయింది, నా ఖర్మ!

ఆ తర్వాతిసారి సున్నుండ వచ్చింది, ఖాళీ కడుపుతో కూర్చుందట పాపం. ఇంకోసారి పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి, "ఎంత బుద్ధిగా కూర్చుందండీ! టీచరుగారి పిల్లంటే అలా ఉండాలి," అని మెచ్చుకున్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ అటు వెళ్ళగానే ఆ మంటంతా అత్తయ్యగారి మీద చూపించాను.

"దయచేసి ఆ రెండు నిమిషాలూ మీరు వాణ్ణి ఎత్తుకుని లోపల కూర్చోండి. దీని దగ్గరికి రావద్దు."

"సరేలేమ్మా. నలుగుర్ని పెంచాను గానీ నాకేం తెలుసు," అన్నారు ఆవిడ. మోకాళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. అలా అన్నందుకు నాకూ బాధగానే ఉంది. కానీ వెనక్కి తగ్గలేదు.

అప్పట్నుంచి కాపలా నేనే. ఇది కొరకగానే పసివాణ్ణి అత్తయ్యగారి చేతిలో పెట్టడం, స్టవ్ ఆపెయ్యడం, దీన్ని పీటెక్కించి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం. ఎవరు పిలిచినా లేవను. ఎవరి ఫోనూ ఎత్తను. అది నా మొహంలోకి, నేను దాని మొహంలోకి చూసుకుంటూ రెండు నిమిషాలు. అంత నిష్ఠగా నేను పూజలో కూడా ఎప్పుడూ కూర్చోలేదు.

తగ్గిందా? నా మొహం! రోజుకి ఒకటి కాస్తా మూడైంది, మూడు ఐదైంది. బుగ్గ వదిలేసి చేతులు, చేతులు వదిలేసి కాలివేళ్ళు. ఫోన్లో స్నేహితురాలు, "నియమం తప్పకూడదండి," అంటుంది. ఇంకేం నియమం, నా తలకాయ! ఆదివారం మా ఆయన, "చిన్నపిల్ల కదా, అదే మానేస్తుందిలే," అన్నారు. "మీకేమండీ, వారానికోసారి వచ్చి ముద్దులాడి పోతారు," అని అరిచాను. సెలవు ఇక పది రోజులుంది. నెత్తీ నోరూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున బెండకాయలు తరుగుతున్నాను. పసివాడు ఉయ్యాల్లో నిద్రపోతున్నాడు. వసారాలో బరబరమని చప్పుడు. చూస్తే నా కూతురు పీట ఈడ్చుకొచ్చి, మూల వేసుకుని, దాని మీద కూర్చుంది.

"అమ్మా, ఫోన్ పెట్టు."

కత్తిపీట వదిలేసి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తాను. దుప్పటి తీసి బుగ్గలు చూశాను, చేతులు చూశాను, పాదాలు తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. వాడు హాయిగా నిద్రపోతున్నాడు.

"ఏం చేశావే?"

"ఏం చెయ్యలేదు."

"అబద్ధాలాడితే చంపేస్తాను. ఎక్కడ కొరికావు?"

"కొలకలేదమ్మా."

"మరి పీటెందుకు వేసుకున్నావు?"

రోజూ నేను కూర్చునే చోట, నేల మీద అరచేత్తో తట్టి చూపించింది. "నువ్విక్కల కూచో. తమ్ముడు నానమ్మ దగ్గల."

అప్పటికి వెలిగింది నా మట్టిబుర్రకి. వాడు పుట్టినప్పట్నుంచి దీనికి అన్నం పెట్టేది అత్తయ్యగారు, నీళ్ళు పోసేది అత్తయ్యగారు, పక్కలో వేసుకునేది అత్తయ్యగారు. నా దగ్గరికొస్తే వినబడేవి రెండే మాటలు, 'ఉండమ్మా, తమ్ముడు పాలు తాగుతున్నాడు,' 'అరవకే, తమ్ముడు లేస్తాడు.' రోజు మొత్తంలో వాణ్ణి చంక దించి, పొయ్యి కట్టేసి, దీని మొహం ఒక్కటే చూస్తూ నేను కూర్చున్నది ఆ రెండు నిమిషాలే. అది కావాలంటే తమ్ముణ్ణి కొరకాలని నేర్పింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఫోన్ పెట్టాను. అది గౌను మోకాళ్ళ మీదికి సర్దుకుని, నా వంకే చూస్తూ కూర్చుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, "అమ్మా, ఏలవద్దు," అంది.

ఒక నిమిషం గడిచిందో లేదో ఉయ్యాల్లో వాడు లేచి కేక పెట్టాడు. అది ఉలిక్కిపడి ఉయ్యాల వైపు చూసింది. మారాం చెయ్యలేదు, ఏడవలేదు. మెల్లిగా పీట దిగి, రెండు చేతులతో దాన్ని గోడకి చేరేసింది.

"తమ్ముడు లేచాడు. వెల్లమ్మా," అంది.

"అత్తయ్యగారూ, వాణ్ణి కాస్త మీరెత్తుకోండి," అని కేకేశాను. పీట మళ్ళీ వాల్చి, దాన్ని కూర్చోబెట్టి, ఫోన్ మళ్ళీ మొదట్నుంచి పెట్టాను.