ఎర్ర బకెట్, నీలం బకెట్

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. దాన్ని లెక్కచేయని మనిషి ఈ లోకంలో మా పిన్ని ఒక్కతే. ఆమెతో పాటు మా ఇంటికి వచ్చిన తొండ కూడా అంతే.

గోడల మీద పాకే తొండ కాదు. మా బాబాయి పెంచుకున్న గడ్డం తొండ. మూరెడు పొడుగు, గొంతు కింద ముళ్ల గడ్డం. అద్దాల పెట్టెలో వేడి దీపం కింద సగం కళ్లు మూసుకుని దర్జాగా కూర్చుంటుంది. బాబాయి దాన్ని ‘దొరగారు’ అనేవాడు. ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చాక, స్వెటర్ కూడా విప్పకుండా, ఎడమ భుజం మీద దొరగారిని ఎక్కించుకుని కిటికీ పక్కన కునికేవాడు. పిన్ని మాత్రం అది వాళ్లింట్లో ఉన్న ఏడేళ్లూ దాన్ని దరిదాపులకు రానివ్వలేదు.

పోయిన చలికాలం బాబాయి చనిపోయాడు. నెల తిరగకుండా పిన్ని సూట్‌కేసుతో, అద్దాల పెట్టెతో మా గుమ్మం ముందు దిగింది.

“ఇదెందుకు పిన్నీ? ఇంట్లో నా ఏడాది పిల్ల ఉంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. దీని ఒంటి మీద విరేచనాలు పట్టించే క్రిములుంటాయట!”

“ఉంటాయి. ముప్పై ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో చేసినదాన్ని, నాకు చెప్తున్నావా? ఆయన వదిలి వెళ్లింది నన్నూ, దీన్నీ. ఉంచుకుంటే ఇద్దర్నీ ఉంచుకో.”

పక్కకు జరిగి దారి ఇచ్చాను.

లాండ్రీలో మురికి దుప్పట్లు ఒక తలుపులోంచి వస్తాయి, ఉతికినవి ఇంకో తలుపులోంచి పోతాయి. రెండూ ఎదురుపడకూడదు. పిన్ని ఆ పద్ధతిని మా ఇంట్లోనూ పెట్టింది. ఎర్ర బకెట్ మీద ‘మురికి’ అనీ, నీలం బకెట్ మీద ‘శుభ్రం’ అనీ గుడ్డల మీద గుర్తులు వేసే నల్ల పెన్నుతో రాసింది. ఆదివారం మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక పని మొదలు. దీపం ఆర్పి, పెట్టె చల్లారేదాకా ఆగేది. దొరగారిని చిల్లుల మూత ఉన్న డబ్బాలోకి మార్చేది. చేతులకు తొడుగులు వేసుకుని రెట్ట తీసి, ముందు సబ్బు నీళ్లతో తోమేది. తర్వాత క్రిముల మందు పూసి, డబ్బా మీద ఎంతసేపు ఉంచమంటే అంతసేపు ఉంచి, వాసన పోయేదాకా కడిగేది. తడి పూర్తిగా ఆరాకే దొరగారి పునఃప్రవేశం. మధ్యాహ్నపు ఎండ ఆ అద్దాల్లోంచి గోడ మీద పడి మెల్లగా కదులుతుంటే, నేను చూస్తూ చూస్తూ ఏదో నీళ్ల అడుగున ఉన్నట్టు అయిపోయేదాన్ని.

ఒకసారి దాని నీళ్ల గిన్నె వంటింటి సింకులో పెట్టాను.

“ఒసేయ్! పిల్ల పాలగ్లాసు కడిగే చోటా? బుర్రుందా నీకు?” అని చెడామడా తిట్టింది. క్రిములని ముందు భయపెట్టిన నేనే చివాట్లు తిన్నాను.

అంత తెలిసిన మనిషే పొరపాటు చేసింది. ఎండలు ముదిరాక ఒక ఆదివారం, ఆసుపత్రిలో వార్డు ఖాళీ చేయించినట్టు, పెట్టెలో ఉన్నదంతా ఒకేసారి తీసేసింది. పాత కొమ్మ, కింద పరిచినది, అది తల దాచుకునే గుడ్డ, అన్నీ చెత్తలోకి. రాళ్లు మరిగించింది. పెట్టె తళతళలాడింది. దొరగారు లోపలికి వెళ్లి అన్నిటినీ ఒక్కొక్కటిగా నాలుకతో తాకి చూసింది. గడ్డం నల్లగా మారిపోయింది. మూలకు వెళ్లి ముడుచుకుంది.

తొమ్మిది రోజులు మెతుకు ముట్టలేదు. పిన్నీ సరిగా తినలేదు. జంతువుల డాక్టరు వచ్చి చూసి, “జబ్బేమీ లేదమ్మా. దీనికి వాసనే ఇంటి గుర్తు. మీరు ఇల్లంతా తుడిచిపెట్టేశారు. పాత వస్తువు ఒక్కటైనా మిగిలిందా? ఇలాగే ఉంటే బతకదు” అన్నాడు.

ఏదీ మిగల్లేదు. పిన్ని ఎర్ర బకెట్ పక్కన కూలబడింది.

“నా చేతులు కాలిపోనూ! ఆయన పోయిన మర్నాడే ఆయన బట్టలన్నీ ఉతికేశానే. అలవాటు. వారం తర్వాత బీరువా అంతా వెతుక్కున్నా. అన్నీ సబ్బు వాసనే. ఇప్పుడు దీన్నీ అలాగే చేశా.”

నేను లోపలికి వెళ్లి, నా పెట్టె అడుగు నుంచి గట్టిగా కట్టిన ప్లాస్టిక్ కవరు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. బాబాయి స్వెటర్. ఆ రోజు ఉతికే కుప్పలోంచి నేనే దొంగిలించాను. నన్ను పెంచింది ఆయన. నాకూ కావాల్సి వచ్చింది. పిన్నికి చెప్పే ధైర్యం లేకపోయింది.

పిన్ని తిట్టలేదు. ముడి విప్పింది. కత్తెర తెచ్చి, దొరగారు కూర్చునే ఎడమ భుజం ముక్క కత్తిరించి, రాయి పక్కన పరిచింది. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. అప్పుడు వచ్చి, మిగతా స్వెటర్ చేతిలోకి తీసుకుని, తొండ ఎప్పుడూ ఎక్కని కుడి భుజంలో మొహం దాచుకుని చాలాసేపు ఏడ్చింది.

అద్దాల వెనక దొరగారు ఆ ముక్కను నాలుకతో తాకింది. ఇంకోసారి తాకింది. మెల్లగా దాని మీదికి ఎక్కి కళ్లు మూసుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి రెండు ఆకులు తింది.

మిగిలిన స్వెటర్‌ను పిన్ని మళ్లీ కవర్లో పెట్టి కట్టింది. నల్ల పెన్ను తీసి, తన గుండ్రటి అక్షరాలతో దాని మీద రాసింది: ‘ఉతకవద్దు’.