జీడిసొనతో తోలు పరీక్ష

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా ఈ ఏడు మా తోటలో జీడిపూత మంచుకి మాడిపోవాలి. అంత ఒట్టు పెట్టాను గనుక ఇక నమ్మి చదవండి.

నాది పలాసలో జీడిపిక్కల వ్యాపారం. బస్తాలో పైనున్న పిక్క ఎప్పుడూ మంచిదే. అడుక్కి చెయ్యి పోనిచ్చి తీసినదే నిజం చెబుతుంది. ఈ అలవాటు ముదిరి, విందుభోజనాల్లో లడ్డూ కూడా పళ్ళెం అడుగు నుంచే తీసుకుంటాను.

మా ఆవిడకి విదేశీ కంపెనీ హ్యాండ్‌బ్యాగు కావలసి వచ్చింది. టెక్కలిలో ఉండే వాళ్ళ చెల్లెలు ఒక పెళ్ళిలో ఈవిడ బ్యాగు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, "ఏ సంతలో కొన్నావే అప్పా?" అంది, నలుగురిలో. మళ్ళీ ఆ చెల్లెలింట్లోనే నిశ్చితార్థం. ఈసారీ నకిలీది పట్టుకెళ్తే నా బతుకేమవుతుందో నాకు తెలుసు.

సోంపేటలో బ్యూటీపార్లర్ నడిపే ఒకావిడ కొద్దిగా వాడిన బ్యాగు అమ్ముతోందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. బిల్లు చూపించింది. బ్యాగునే అచ్చు దింపగలవాళ్ళకి బిల్లొక లెక్కా? అడగకుండానే ధర కాస్త తగ్గించింది. మంచి సరుకున్నవాళ్ళు ఎక్కడైనా తగ్గిస్తారా? ఇంకా తగ్గించమంటే కుదరదంది. ఆ ధీమా మరీ అనుమానంగా తోచింది. కుట్లు చూశాను, జిప్పు లాగాను, తల దూర్చి వాసన చూశాను.

"అది బేగు అన్నయ్యా, పిక్కల బస్తా కాదు," అందావిడ.

"కాసిన్ని మంచినీళ్ళు ఇప్పించమ్మా," అన్నాను.

ఆవిడ లోపలికెళ్ళగానే జేబులోంచి పచ్చి పిక్క తీసి గుమ్మం మీద తాళాలగుత్తితో చితక్కొట్టాను. పిక్క తొక్కలోని సొన తగిలితే చర్మం పొక్కుతుందని మా ఉద్దానంలో పసివాళ్ళకీ తెలుసు. తోలూ చర్మమే కదా. అసలైనదైతే పొక్కాలి, రెక్సిన్‌ అయితే పొక్కకూడదు. బ్యాగు అడుగున ఒక్క చుక్క రాశాను.

పొక్కలేదు. నల్లటి మరక పడింది.

"ఏటి సేసినారండీ?" అంది మా ఆవిడ మెల్లగా.

"తోలు అవునో కాదో సూత్తన్నాను."

"మీ సెప్పులు తోలువే గదా. రోజూ పిక్కల్లోనే తిరుగుతాయి. ఎప్పుడైనా పొక్కినాయేటి?"

ఇంతలో పార్లర్ ఆవిడ వచ్చి, మరక చూసి, గ్లాసు నా చేతిలో పెట్టింది. "తాగండన్నయ్యా. తాగీసి, డబ్బులిచ్చీసి, బేగు పట్టుకెళ్ళండి."

అసలుదో నకిలీదో తేలకుండానే అది మాదైపోయింది.

నిశ్చితార్థం రోజు మా మరదలు దాన్ని అందుకుని, తిరగేసి, మరక మీద వేలు పెట్టి, "ఇదిగో, అసలుదానికే ఏత్తారు ఈ ముద్దర. మా అప్ప బేగు సూడండి," అని చుట్టాలందరికీ చూపించింది.

ఆ చివరి ముక్క మాత్రం నేను కల్పించింది. మరదలు ఆ రోజు బ్యాగు వైపు చూడనేలేదు. మా ఆవిడ దాన్ని ఒళ్ళోంచి భుజానికి, భుజం మీంచి భోజనాల బల్ల మీదికి మారుస్తూనే ఉంది.

"సూసిందండి. సూసి ఊరుకుంది," అంది తిరుగు బస్సులో.

అవునన్నాను.