గడప దగ్గర ఆగిపోయింది

మా పాపకు ఐదేళ్లు, ఆటిజం ఉంది. ఏ ఇంటి నుంచి బయల్దేరినా "పోయొస్తాం" అని చెప్పాలని, జవాబు వచ్చేదాకా ఆగాలని స్పీచ్ థెరపీలో చెప్పినట్టే ఎనిమిది నెలలుగా నేర్పిస్తున్నాను. నేను గుర్తుచేయకుండా ఒక్కసారీ అనలేదు.

మొన్న వేసవిలో కుందుర్పిలో మా పెద్దమామ చనిపోతే పలకరించడానికి వెళ్లాం. చావింటి నుంచి చెప్పకుండా లేచి రావాలి. మళ్లీ వస్తామంటే ఆ ఇంటికి మళ్లీ కీడు కోరినట్టే. నేను అలాగే లేచాను. పాప గడప దగ్గర ఆగి, మూల కూర్చున్న పెద్దత్త వైపు తిరిగి, "పోయొస్తాం అవ్వా!" అని గట్టిగా అంది.

ఏడుపులు ఆగిపోయాయి. "యాడేం మాట్లాడల్లో బిడ్డకు నేర్పల్ల కదమ్మా!" అని ఒక పెద్దాయన కసిరాడు. నేను నేర్పింది అదేనని ఆయనకెలా చెప్పను? చెయ్యి పట్టుకుని లాగాను. పాప కదల్లేదు. జవాబు రాలేదు మరి.

చివరికి పెద్దత్తే తలెత్తి, "పోయిరా తల్లీ. మళ్లా రా" అంది. పాప వెంటనే చెప్పులేసుకుంది.

ఆ సాయంత్రం థెరపీ నోటుబుక్కులో "తనంతట తానే చెప్పింది" అని రాశాను. "ఎక్కడ" అన్న గడి మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.