తడిపిన గుడ్డ కొలత

“నేను బడికి పోయినాక అత్త బిడ్డను ఎక్కడో పడుకోబెట్టి మర్చిపోతే?”

నోరు జారిన ఆ మాటకు ఫ్లోరాయే బెదిరింది. భర్త రూఫస్ లేచి వెళ్లి తల్లి కుట్టుమిషనుకు తాళం వేశాడు. కత్తెర బీరువాలో దాచాడు.

అతని తల్లి ప్రేమలీల ముత్తుకూరులో ముప్పై ఐదేళ్లుగా బట్టలు కుడుతోంది. కరెంటు ప్లాంటు కూలీల చొక్కాల నుంచి చర్చి పిల్లల క్రిస్మస్ గౌన్ల దాకా ఆమె చేతి కుట్టే. కొత్త నూలుగుడ్డ తడిస్తే కుంచించుకుపోతుందని ముందే తడిపి, ఆరేసి, ఆ తర్వాతే టేపు పట్టేది. పోయినేడు ఆమెకు అల్జీమర్స్ అన్నారు. అది ఎంత వేగంగా ముదురుతోందో తెలుసుకోవడానికి నెల్లూరు ఆసుపత్రిలో ఏడాది తేడాతో రెండుసార్లు మెదడు స్కాన్ తీశారు. వేల స్కాన్లు చూసి నేర్చుకున్న డీప్ లెర్నింగ్ ప్రోగ్రాం ఆ రెంటినీ పోల్చి, మెదడు ఎంత కుంచించుకుపోయిందో లెక్కగట్టింది. ‘వేగంగా క్షీణిస్తోంది’ అని ఆ ఉదయమే ఎర్రక్షరాల రిపోర్టు వచ్చింది.

“నా మిషన్‌కి తాళమేసేదానికి నువ్వెవడివిరా?” ప్రేమలీల కొడుకు మీదికి లేచింది. “నాకంటే మతి పోతా ఉంది, మీకేమైంది? మొదటిసారి ఇడ్లీలు తిని పోయినా. రెండోసారి రిపోర్టు బాగా రావాలని ఉపవాస ప్రార్థన పట్టినా. రెండు దినాలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలా. ఎవురన్నా అడిగినారా?”

ఫ్లోరాకు తన మీదా ఆసుపత్రి మీదా ఒళ్లు మండిపోయింది. బడిలో సైన్సు చెప్పే మనిషి. ఒంట్లో నీరు తగ్గితే స్కానులో మెదడు కాస్త చిన్నదిగా కనబడుతుందని చదివింది కూడా. అయినా తనూ అడగలేదు.

మర్నాడే వెళ్లి రిపోర్టును ఆసుపత్రి బల్ల మీద కొట్టింది.

“సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పదు మేడం,” అన్నాడు టెక్నీషియన్.

“దానికి కనబడిందే చెప్పింది. మనిషి నీళ్లు తాగిందా లేదా అని మీ ఫారంలో ఎక్కడుంది? చూపించు!”

అతను ఫారం రెండువైపులా తిరగేశాడు. ఎక్కడా లేదు.

డాక్టరు మళ్లీ స్కాన్ రాశారు. ఈసారి ఫ్లోరా దగ్గరుండి తినిపించి, నీళ్లు తాగించి తీసుకెళ్లింది. జబ్బు ఉంది, ముదురుతోంది. కానీ ఆ ఎర్రక్షరాలు భయపెట్టినంత వేగంగా కాదు.

రూఫస్ తాళంచెవి తెచ్చిచ్చాడు.

“ఇంకోసారి తాళమేస్తే నీ చొక్కాకి చేతులు లేకుండా కుడతా,” అంది ప్రేమలీల.

ఇప్పుడు ఆమె మిషన్ తొక్కుతుంటే పక్కన చాప మీద మనవడు హెబ్రోను ఆడుకుంటాడు. పొరుగింటి గురవమ్మ గంటకోసారి తొంగి చూసి పోతుంది.

మొన్న అంగన్‌వాడీ కార్డులో బిడ్డ బరువు తగ్గినట్టు చూసి ఫ్లోరా గుండె జారిపోయింది. అయినా కార్డు మడిచి, ముందు ఆరా తీసింది: తూచిన రోజు వాడు పాలు తాగాడా, విరేచనాలేమైనా అయ్యాయా? అలా అడగాలని నేర్పింది, మిషన్ దగ్గర కూర్చుని అత్త అన్న మాటే:

“గుడ్డని కొలిచేముందే తడిసిందా లేదా అని చూసుకుంటామే. మనిషిని కొలిచేముందు ఆ మాత్రం అడగాల అమ్మాయ్.”