గద్రే కాకా నమ్మని మాటలు

గద్రే కాకా ఎవరి నోటి మాటా నమ్మడు. పుణెలోని మోటారు పంపుల కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో ఫోను లైన్లు చూసుకునే ఆయన అంగీకరించే సత్యం ఒక్కటే: తీగలో పోతుండగా పట్టిన మాట. ఫోనులో మన గొంతు చిన్న చిన్న ముక్కలై నెట్‌వర్కు వెంట పరుగెడుతుంది. కాకా ఆ ముక్కలను కంప్యూటరులో పట్టి, వరుసగా గుచ్చి, మళ్ళీ వినిపిస్తాడు. ఆయన గది తలుపుకు ఆయనే రాసిన పలక వేలాడుతుంది: “ఇక్కడ ఎవరి మాటా నమ్మబడదు. నమ్మమని బతిమాలరాదు. టీ తెచ్చినవారికీ ఇదే వర్తించును.”

“చక్కెర వేశాను కాకా” అంటుంది టీ తెచ్చే విఠాబాయి.

“ఎవరు చూశారు?”

“తాగితే తెలుస్తుందిగా!”

“ఫోన్లో నేను వద్దన్నాను. వినిపించనా?”

విఠాబాయి కప్పు పెట్టేసి పారిపోతుంది.

కార్మిక సంఘం న్యాయవాది కేతకీ కాంబ్లేకు ఈ మనిషి మీద మొదటి నుంచీ అనుమానమే. యాజమాన్యం గోడకు పెట్టిన చెవి ఈయనేనని ఆమె నిశ్చితాభిప్రాయం. ఆ రోజు మూడు గంటలకు, అక్కడ ఫోన్లెత్తే సుశీల ధుమాళ్ మీద విచారణ. సుశీల బారామతి ఊరి వినియోగదారురాలు ఒకామెను “నోర్ముయ్, దండగమారిదానా” అన్నదని అభియోగం. కంపెనీ రికార్డులో ఆ మాట ఉంది. బొంగురుపోయిన రెండు ఆడగొంతులు కలిసిపోయి, అన్నదెవరో తేలడం లేదు. పదకొండేళ్ళు ఊరందరి తిట్లూ మింగిన మనిషిని ఒక్క తిట్టు నెపంతో వెళ్ళగొట్టడానికి కాగితం సిద్ధమైంది. కేతకీ సుశీలను వెంటబెట్టుకొని నేరుగా కాకా గదిలోకి నడిచింది.

“ఎంతమంది మాటలు దొంగచాటుగా విన్నారు మీరు?”

“ఎవరివీ వినలేదంటాను. కానీ అది నా నోటి మాట. మీరెలా నమ్ముతారు?” కాకాకు నిజంగానే సందేహం వచ్చింది. బీరువా తెరిచి కాగితాల కట్ట ముందు పెట్టాడు. ప్రతి కాగితం మీదా ఒక సంతకం: ‘నా కాల్ వినడానికి నేనే అడిగాను.’

“ఇంత పద్ధతి ఎవరు నేర్పారు?” కేతకీ స్వరం ఇంకా దిగలేదు.

“మా ఆవిడ. ఒకసారి మెంతికూర తెమ్మన్నానంది. నేను కొత్తిమీర తెచ్చాను. ఆమె ఆఫీసుకు చేసిన ఫోను వినిపించి నేనే గెలిచాను. మూడు రోజులు ఇంట్లో రొట్టె పుట్టలేదు. అప్పటి నుంచీ సంతకం లేనిదే తెరవను.”

“మరి సుశీల కాల్ సంగతి?”

“వారంగా ఆమె లైను గరగరమంటోంది. లోపం వెతకడానికి పట్టిపెట్టాను. అడిగితే తెరుస్తాను. ఎవరూ అడగందే!”

సుశీల తలదించుకుంది. “మీరే నా మీద చెప్పారనుకున్నాను కాకా.”

“అనుకోవడం తప్పు కాదు. ఆధారం లేకపోవడం తప్పు. సంతకం పెట్టు, తాయీ.”

విచారణ గదిలో మేనేజరు పేండ్సే పెదవి విరిచాడు. “ఇది నిజమని మేమెందుకు నమ్మాలి?”

గద్రే కాకా ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ నౌకరీలో ఆయనను సరైన ప్రశ్న అడిగిన మొదటి మనిషి! “నమ్మొద్దు సాహెబ్, వినండి. మీ రికార్డు రెండు గొంతులనూ ఒకే గిన్నెలో కలిపింది. తీగలో అవి వేరువేరుగా నడుస్తాయి.”

మొదట సుశీల వైపు మాత్రమే వినిపించాడు. “చెప్పండి తాయీ... వింటున్నాను...” తరువాత చాలాసేపు నిశ్శబ్దం, ఒక్కసారి ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆపైన “మీ పంపు రేపు బాగవుతుంది.” అంతే. రెండో వైపు తెరవగానే తిట్టు బారామతి నుంచి గదిలోకి వచ్చి పడింది. అభియోగం అక్కడే వీగిపోయింది.

నకళ్ళ కోసం కాకా గదికి వచ్చి బీరువా తెరిచిన కేతకీకి అడుగున మరో కట్ట కనిపించింది. ఫోనులో గొంతు తెగి తెగి వినిపిస్తోందని పనితీరు మార్కులు కోతపడిన ప్రతి అమ్మాయి తరఫునా కాకా యాజమాన్యానికి రాసిన ఉత్తరాలవి, నలభై ఒకటి. అన్నింటిలోనూ ఒకటే వాక్యం: ‘లోపం తీగది, మనిషిది కాదు. మీ ఆరోపణ నేను నమ్మను.’

ఆమె ఆ కట్టను తెచ్చి కాకా బల్ల మీద పెట్టింది.

“కాకా, ధన్యవాదాలు. మిమ్మల్ని అనుమానించినందుకు క్షమించండి.”

“నోటి మాట” అన్నాడు కాకా, తల ఎత్తకుండా.

కేతకీ పక్క గదికి వెళ్ళి, ఆఫీసు ఫోను ఎత్తి, కాకాకు ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చెప్పింది. తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఒక అనుమతి కాగితం ఆమె సంతకం కోసం ఎదురుచూస్తోంది. సంతకం చేసింది.

కాకా తలుపు మూసుకున్నాడు. గుమ్మం దాటుతున్న కేతకీకి లోపలి నుంచి తన గొంతే వినిపించింది, ఒకసారి కాదు, రెండుసార్లు.