రేకుల ఇంట్లో పెంచిన వేగం

స్పిరిట్ వాసన తగిలితే ఎవరికైనా సూదిమందు గుర్తొస్తుంది. నాకు మాణికేశ్వర్ నగర్‌లోని మా రేకుల ఇల్లు గుర్తొస్తుంది. నిన్న మా అమ్మాయి కంప్యూటర్ విప్పి, వేడిని లాగేందుకు ప్రాసెసర్ మీద రాసి ఎండిపోయిన పాత పేస్టును స్పిరిట్ దూదితో తుడుస్తుంటే, నేను తొమ్మిదో తరగతి చదివిన ఎండాకాలమంతా కళ్ళముందుకొచ్చింది.

నాన్న యూనివర్సిటీలో ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్. ఎండలు ముదిరేసరికి క్యాంపస్ రోడ్లు తురాయి పూలతో ఎర్రబడేవి. పిల్లలం గోడసందులోంచి దూరి సీమచింతకాయలు రాల్చుకుని, నోరు వగరెక్కేదాకా తిని, మధ్యాహ్నాలు గచ్చకాయలాడేవాళ్ళం. అమ్మ కిటికీకి తడి గోనెపట్టా కట్టినా ఇల్లు పెనంలా కాగేది. ఆ ఇంట్లో, రిటైరై వెళ్తూ ఒక సారు నాన్నకిచ్చిన పాత కంప్యూటర్ ఉండేది. దాన్ని విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ బిగించడమే నా ఆటల్లోకెల్లా పెద్ద ఆట.

పక్క గదిలో అద్దెకున్న సరళక్క రిసెర్చ్ చేసేది. నల్గొండ దిక్కు పల్లె వాళ్ళది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వాళ్ళ నాయనమ్మ నడుము వంగిపోయింది. ఆ నీళ్ళు భూమిలో ఎటు కదులుతాయో, మంచినీళ్ళ బావి ఎక్కడ తవ్వవచ్చో లెక్కగట్టడమే అక్క థీసిస్. తార్నాకలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో ఆ లెక్క నడుపుకునేది. గేములాడే పిల్లలకు సీట్లు చాలడం లేదని సెంటరాయన దాన్ని సగంలో ఆపేశాడు. థీసిస్ ఇవ్వాల్సింది ఈస్టర్ మర్నాడు, సోమవారం పొద్దున. ఈస్టర్‌కు ముందొచ్చే మట్టలాదివారం మొదలుపెడితే మా కంప్యూటర్ మీద సరిగ్గా ఎనిమిది రోజులు పడుతుంది. ప్రింటు తీయించే వేళా కలుపుకుంటే ఒక్క రోజు తక్కువ.

ప్రాసెసర్ వేగం పెంచితే సరిపోతుందా అని అడగడానికి నేనూ నాన్నా ఆ సెంటర్‌కే వెళ్ళాం. ఆయన తల కూడా ఎత్తలేదు.

"పెంచితే కాలిపోతది. అటెండర్ బిడ్డకు గివన్నీ ఎందుకన్నా?"

నాన్న నన్ను తీసుకుని బయటికొచ్చాడు. దారిలో నా సంచి తన భుజానికేసుకుని అన్నాడు. "కాలితే మనదే కాలుతది. నువ్వు చెయ్ బిడ్డా. కానీ ల్యాబుల మేం చేసినట్టు చెయ్. ఒక్కటే తిప్పు, ఆగు, రాస్కో. గప్పుడు ఇంకోటి."

మట్టలాదివారం ప్రార్థన ముగిసి గుడి నుంచి రాగానే మొదలుపెట్టాం. మిట్టమధ్యాహ్నం రేకుల కింద తట్టుకుంటే ఎప్పుడైనా తట్టుకుంటుందని నాన్న ఆ వేళే ఎంచాడు. ఫ్యాన్ రెక్కలు కడిగి ఆరబెట్టాను, ప్రాసెసర్ తుడిచి బియ్యపుగింజంత కొత్త పేస్టు పెట్టాను, పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ తిప్పాను. ప్రాసెసర్‌కు అందే కరెంటు జోలికి పోలేదు. కాల్చేసేది ఎక్కువగా అదేనని ఎక్కడో చదివాను. వేగం ఒక మెట్టు పెంచడం, జవాబు ముందే తెలిసిన చిన్న లెక్క నడిపించడం, వేడి ఎంతో నాన్న నోట్‌బుక్‌లో రాయడం. మూడు మెట్లు సాఫీగా ఎక్కాం.

నాలుగో మెట్టులో వేడి హద్దు దాటలేదు, మెషిన్ ఆగలేదు. జవాబులో చివరి రెండంకెలు మాత్రం మారాయి.

కరెంటు కోతల భయంతో అక్క ఉన్నంత వేగమూ కావాలంది. చివరి అంకెలే కదా, నడవనీ అంది. నేను కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని కదల్లేదు.

"అక్కా, గీ తప్పు లెక్క పట్టుకుని మీ ఊళ్ళె బావి తవ్విపిస్తవా?"

పెద్దదాన్ని ఎదిరించానని అమ్మ కసిరింది. అక్క తెర మీద ఆ రెండంకెలకు వేలు ఆనించి, ఒక మెట్టు దింపమంది. మూడో మెట్టు మీద లెక్క మళ్ళీ సరిపోయింది. సాయంత్రం అసలు లెక్క మొదలైంది.

ఆ వారమంతా వంతులేసుకుని కాపలా కాశాం. కరెంటు పోతే, ఆగిన చోటినుంచే మళ్ళీ నడిచేలా అక్క ముందే రాసిపెట్టుకుంది. గుడ్ ఫ్రైడే నాడు నేను ఉపవాసం ఉన్నది దేవుడి కోసమో ప్రాసెసర్ కోసమో ఇప్పటికీ చెప్పలేను. ఈస్టర్ మధ్యాహ్నం, అమ్మ బగారా అన్నం దించి కోడికూరలో కొత్తిమీర చల్లుతుండగా, తెర మీద ఆఖరి వరుస పడింది. అక్క అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. తినమని ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ సాయంత్రం ప్రింటు తీయించడానికి ఆ సెంటర్‌కే వెళ్ళాల్సి వచ్చింది. ఎవరి సిస్టమ్ మీద చేశారని ఆయన అడిగాడు.

"అటెండర్ బిడ్డ సిస్టమ్ మీద," అంది అక్క. ఆయన కాగితాలు సర్దిచ్చాడు, అంతే.

ఇప్పుడు ఆ రేకుల ఇల్లు లేదు, నాలుగంతస్తుల మేడ ఉంది. సెంటర్ ఉన్నచోట కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు. నాన్న లేడు. ఈనాటి ప్రాసెసర్లు అవసరాన్ని బట్టి తమ వేగాన్ని తామే పెంచుకుంటాయి, తగ్గించుకుంటాయి. మధ్యాహ్నపు ఎండలో పక్కన కూర్చుని కనిపెట్టుకునే పని ఎవరికీ లేదు. మా కంప్యూటర్ ఇంకో ఆరేళ్ళు పనిచేసి ఆగిపోయింది. మేం చేసిన పనివల్లే చచ్చిందని మా బంధువుల్లో ఈనాటికీ కొందరంటారు. పోయింది హార్డ్ డిస్కు. ప్రాసెసర్ ఆఖరిరోజు దాకా మూడో మెట్టు మీదే నడిచింది.